రెండు కిలోమీటర్లకు మూడు గంటలు

అడవిలో రెండు కిలోమీటర్లు నడవడానికి మూడు గంటలు పట్టిందంటే ట్రెక్కింగ్ కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనీయండి. నల్లమలను ఒక్క పూటలో ‘కొట్టేసి’ వచ్చి, ఫోన్‌లో అడుగుల లెక్క చూపించేవాళ్లకు అడవి కనబడనేలేదని నా అభియోగం. వాళ్లు పొద్దంతా చూసింది ముందు నడిచేవాడి వీపు, ఆ వీపు మీద సంచి. అంతే.

నేను చెప్పబోయేది వేరే నడక. నల్లమలలో చెంచు గైడు వెనక ఉదయం ఆరింటికి బయలుదేరి, రెండు మూడు కిలోమీటర్ల కాలిబాటను తొమ్మిది దాటాక ముగించే నడక. ఓ చిన్న ఎక్కుడు, రాళ్లు తేలిన ఓ వాగు, వెదురు పొదల మధ్య ఒకట్రెండు మలుపులు, మళ్లీ దిగుడు. మోకాళ్లు బాగున్న అరవై ఏళ్ల మనిషి ఆయాసం లేకుండా నడిచే బాట. కాళ్లకు పెద్ద పని ఉండదు గానీ కళ్లు, చెవులు, ముక్కు మాత్రం ఇంటికొచ్చేసరికి అలిసిపోతాయి. ఇది విద్య. దీనికి గురువులున్నారు, పద్ధతులున్నాయి, తప్పొప్పులున్నాయి. సంగీతానికో కూచిపూడికో ఇచ్చే మర్యాదలో పావు వంతు కూడా మనం దీనికి ఇవ్వలేదు.

ముందు చోటు సంగతి రెండు మాటల్లో. కృష్ణకు అటూ ఇటూ పరుచుకున్న ఈ కొండల్లో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్ర వైపు సుమారు 3,296 చదరపు కిలోమీటర్లు, తెలంగాణ వైపు అమ్రాబాద్ పేరుతో సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు మిగిలాయి. పులికి ఆ గీత తెలియదు, చెంచుకూ పెద్దగా పట్టదు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని కట్టుకున్నాడు గనక స్వామి తమ ఇంటి అల్లుడని వాళ్ల లెక్క. అడవిలో వాళ్లు ఎప్పటి నుంచి ఉన్నారంటే ఆ కథే జవాబు, అంతకు మించి తవ్వే ఓపిక నాకు లేదు. ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త వాళ్ల మధ్య తిరిగి 1943లో ఓ పెద్ద పుస్తకమే అచ్చు వేశాడు. కావలసినవాళ్లు అది చూసుకోవచ్చు. నాకు కావలసింది వాళ్ల నడక.

బయలుదేరే ముందు మంచి గైడు చేసే మొదటి పని, వంగి చిటికెడు మట్టి తీసి వేళ్ల సందుల్లోంచి జారవిడవడం. దుమ్ము ఎటు పోతే గాలి అటు. గాలి మన మొహానికి తగిలేలా బాట ఎంచుకోవాలి, వీపున తగిలితే మన వాసన మనకంటే ముందే అడవి అంతా చాటింపు వేస్తుంది. అందుకే సెంటు కొట్టుకొచ్చినవాణ్ని చూస్తే చెంచులు మొహం తిప్పుకుంటారు. ఆపైన అడుగు. మనం మడమ ముందు దించి ధబ్‌మని నడుస్తాం. వాళ్లు పాదం బయటి అంచు ముందు మోపి, కింద ఎండుటాకు ఉందో పుల్ల ఉందో తెలిశాకే బరువు వేస్తారు. ఆకు రాలే కాలంలో, అంటే జనవరి దాటాక, ఈ విద్య లేకుండా నల్లమలలో పది గజాలు చప్పుడు లేకుండా పోలేం. పులికీ ఆ కష్టం ఉంది. ఎండుటాకుల రోజుల్లో అది జీపు బాట మీదా, వాగు ఇసుక మీదా నడవడానికి అందుకే ఇష్టపడుతుంది. దాని అడుగులు మనకు దొరికేది కూడా అక్కడే.

ఇక నిలబడడం. నడక కంటే నిలకడే ఎక్కువ ఈ విద్యలో. పది పదిహేను అడుగులు, ఆగు. మళ్లీ పది, ఆగు. ఆగడం కూడా బయట కాదు, ఏదో ఒక చెట్టు మొదలుకు ఆనుకుని ఆగాలి. ఆ రెండు మూడు నిమిషాల్లో మొదట మన ఊపిరి చప్పుడు తగ్గుతుంది, తర్వాత మన రాకకు మూగబోయిన పిట్టలు ఒక్కొక్కటే నోరు తెరుస్తాయి. కంసాలి పిట్ట టుక్ టుక్ మొదలుపెడుతుంది. అది మొదలైందంటే అడవి మనల్ని కాస్త మరిచిపోయిందన్న మాట. ఈ రెండు నిమిషాలు ఓర్చుకోలేనివాళ్లు అడవికి రాకుండా పార్కుకు వెళ్లడం మేలని నేను ముందు నుంచీ చెబుతున్నాను, ఎవరూ వినడం లేదు.

నేల సంగతికి వస్తే నాకు మాటలు ఆగవు. వాగు ఇసుకలో అడుగు చూసి ఇది పులి, ఇది చిరుత అని చెప్పడం చిన్న పని, సైజు తెలిస్తే చాలు. పిల్లి జాతి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది గనక గోటి గుర్తులు పడవు. రేసు కుక్కకూ దుమ్ములగొండికీ పడతాయి. ఎలుగుబంటికి అయిదు వేళ్లు, వాటి ముందు దూరంగా పొడుగు గోళ్ల చుక్కలు. పులి అడుగులో మెత్త వెనకంచుకు మూడు మెట్టలు ఉంటాయి. ఇంతవరకూ పుస్తకం చదివినా వస్తుంది. అసలు పనితనం ఆ తర్వాత మొదలవుతుంది. ముందు కాలి ముద్ర పెద్దది, వెనక కాలిది చిన్నది. వెనక ముద్ర చతురంగా ఉంటే మగ, కాస్త పొడవు సాగితే ఆడ. నిదానంగా నడిస్తే వెనక కాలు ముందు కాలి గుర్తు మీదో దగ్గర్లోనో పడుతుంది, వేగం పెరిగితే దాన్ని దాటి ముందు పడుతుంది. కాబట్టి ఇసుకలో నాలుగు గుర్తులు చూసి ఎటు పోయింది, ఎంత తొందరలో పోయింది, ఆడా మగా అన్నది చెప్పొచ్చు.

ఎప్పుడు పోయింది? ఇక్కడే గురువు తేలతాడు. ముద్ర అంచులు పదునుగా ఉన్నాయా, రాలాయా? లోపల మంచు చెమ్మ పడిందా? పడి ఉంటే రాత్రిది, చెమ్మను నొక్కేసి ఉంటే తెల్లవారాక పోయింది. ముద్ర మీదుగా చీమలబారు నడిచిందా? ఇసుకలో గరాటు గుంటలు తవ్వుకుని చీమల కోసం కాచుక్కూర్చునే చిన్న పురుగు ఒకటుంది. ముద్ర మధ్యలో దాని గుంట కనిపిస్తే ఆ పులి గురించి ఇంక భయపడనక్కర్లేదు, అది పోయి చాలాసేపయింది. రాత్రి తిరిగే పురుగుల గీతలు ముద్ర కింద ఉన్నాయా, పైన ఉన్నాయా అన్నది చూసి, పులి అర్ధరాత్రికి ముందు పోయిందా తర్వాతా అని తేల్చే చెంచు పెద్దాయన ఒకరిని నేనెరుగుదును. ఆయన నిలబడి చూడడు. ముద్రకూ పొద్దుకూ మధ్య తాను రాకుండా, ఎండ ఏటవాలుగా పడే వైపుకు తిరిగి గొంతుక్కూర్చుంటాడు. ఏటవాలు వెలుతురులోనే అంచుల నీడ తేలుతుంది. నడినెత్తిన ఎండ పడ్డాక అదే ముద్రను ఎంత చూసినా సగం సమాచారం పోతుంది. తెల్లవారుజామునే బయలుదేరాలని వాళ్లు పట్టుబట్టేది చల్లదనం కోసమని మనం అనుకుంటాం.

అడుగులొక్కటే కాదు. పుట్టను తవ్వి, మట్టి వెనక్కి చిమ్మి ఉంటే ఎలుగు చెదలు పీల్చుకుంది. దాని పేడలో రేల గింజలు, తునికి గింజలు కనిపిస్తాయి, అవి మొలకెత్తుతాయి కూడా. అంటే ఆ ఎలుగు నడిచిన బాటంతా చెట్లు నాటుకుంటూ పోయినట్టే. సున్నంలా తెల్లబడ్డ పెంటికలు దుమ్ములగొండివి, ఎముకలు నమిలిన తిండి అది. రాలి పడిన కొమ్ము మీద పళ్లగాట్లుంటే ముళ్లపంది కొరికింది. చెట్టు మొదట్లో ఒక్కోసారి బాస్మతి అన్నం వండిన వాసన వస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు వెటకారమనుకుంటారు. పులి తన హద్దు గుర్తుగా చిమ్మిన ద్రవం వాసన అది. బాస్మతికి ఆ పరిమళాన్నిచ్చే రసాయనమే పులి ద్రవంలోనూ ఉందని రతన్‌లాల్ బ్రహ్మచారి అనే శాస్త్రవేత్త తేల్చి చూపాడు. ప్రయోగశాల తేల్చేదాకా ఆగకుండా ముక్కుతో పని కానిచ్చుకున్నవాళ్లు మన పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, ఉన్నారు.

చెవి పని ఇంకా సున్నితం. అడవిలో పులిని వెతకడం తెలివితక్కువ పని, పులిని చూసినవాణ్ని వెతకాలి. కొండముచ్చు చెట్టు కొసన కూర్చుని ఖంగుమని దగ్గుతున్నట్టు అరుస్తుంది. చుక్కల దుప్పి తోక పైకెత్తి, ముందు కాలితో నేలను తాటించి, సన్నగా కూత పెడుతుంది. ఇద్దరికీ స్నేహం కూడా ఉంది. కొండముచ్చు పైనుంచి కొరికి పారేసిన ఆకులూ కాయలూ దుప్పికి మేత, కింద దుప్పి ముక్కు కొండముచ్చుకు కాపలా. దుప్పి మాట మాత్రం సగమే నమ్మాలి, నీడను చూసి కూడా బెదురుతుంది. కణితి అలా కాదు. అది నోరు విప్పి ‘ఢాంక్’ మని అరిచిందంటే, అదీ మళ్లీ మళ్లీ అరిచిందంటే, పెద్ద జంతువేదో నిజంగానే కదులుతోంది. చెంచు గైడు అప్పుడు అరిచేదాన్ని చూడడు, అది చూసే వైపు చూస్తాడు. కూత ఆగిందంటే పులి కనుమరుగైంది. వేరే చోట ఇంకో కూత మొదలైతే అది అటు నడిచింది. ఇలా మూడు నాలుగు కూతలను చెవితోనే కలుపుకుంటూ, కంటికి కనిపించని పులి కొండ చరియ వెంట నడిచిన దారిని వేలితో గాల్లో గీసి చూపిస్తారు. ఇంతకంటే గొప్ప కచేరీ నేను వినలేదు. వినాలని కోరికా లేదు.

తీతువు పిట్ట అరిస్తే ఊళ్లో కీడంటాం. అడవిలో అది చౌకీదారు. దాన్ని తిట్టేవాళ్లంటే నాకు సరిపడదు.

చెట్లను పుస్తకాల్లో పువ్వు చూసి గుర్తుపట్టమంటారు. ఏడాదిలో పది నెలలు పువ్వే ఉండదు మరి. వాళ్లు బెరడు చూస్తారు, వాసన చూస్తారు, గోటితో గీరి రంగు చూస్తారు. తపసి చెట్టు తెల్లగా, బెరడు కాగితంలా ఊడుతూ, ఆకు రాల్చాక వెన్నెల్లో దయ్యంలా నిలబడి ఉంటుంది. దాని బంకే చెంచు ఇంట్లో నాలుగు డబ్బులు. గాటు లోతుగా పడితే చెట్టు చస్తుంది, పైపైన పడితే బంక రాదు. ఆ రెంటి మధ్య గాటు వెయ్యడం చేతికి తెలియాలి. వేగిస బెరడు కోస్తే నెత్తురు రంగు జిగురు కారుతుంది. దాని చెక్కతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్లు పోసి ఉంచితే పొద్దున వెలుతురులో నీలి జిలుగు వేస్తుంది. మధుమేహానికి మంచిదని ఆ గ్లాసులు అమ్ముతారు, అది వైద్యులు తేల్చుకోవాలి. నీలి జిలుగు మాత్రం పిల్లలకు చూపించండి, వాళ్లు రసాయన శాస్త్రాన్ని జన్మలో మరిచిపోరు. చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి బురదనీళ్లు పోస్తే మడ్డి అడుక్కి దిగి పైన నీళ్లు తేరుకుంటాయి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పగుళ్లు తేలి ఉంటుంది. అలాంటి చెట్లలో కొన్ని వేసవిలో కాండం లోపల నీళ్లు దాచుకుంటాయి. ఏ చెట్టు దాచుకుందో బయటి ఉబ్బు చూసి చెప్పాలి.

ఈ నల్లమద్ది సంగతి 2024 మార్చి చివర్లో దేశమంతా చూసింది. పాపికొండల అడవిలో ఫారెస్టు అధికారులు కాండం ఉబ్బు మీద గాటు పెడితే నీళ్లు ధారకట్టిన వీడియో ఊరూరా తిరిగింది. అక్కడి కొండరెడ్లు చెప్పిన విద్య అది, ఆ అధికారులు ఆ మాట దాచలేదు, వాళ్లకు దండం. కానీ వీడియో చూసిన జనంలో ఎంతమందికి కొండరెడ్ల పేరు గుర్తుంది? అందరికీ గుర్తున్నది ‘నీళ్ల చెట్టు’. ఒక జాతి తరతరాల చదువు అరనిమిషం వింతగా మారిపోయింది.

తేనె గురించి చెప్పకపోతే చెంచులు నన్ను క్షమించరు. బాట పక్క ఆకుల మీద సన్నని పసుప్పచ్చ చుక్కలు చల్లినట్టు కనిపిస్తే తలెత్తి చూడాలి. పైన ఎక్కడో పెద్దతేనె పట్టు ఉంది, అవి తేనెటీగల రెట్టలు. లేదంటే వాగు గట్టున నీళ్లు తాగడానికి దిగిన ఈగలను పట్టి చూస్తారు. నీళ్లు తాగి లేచిన ఈగ చుట్టూ తిరగదు, నేరుగా పట్టు వైపు గీత గీసినట్టు పోతుంది. ఎండకు ఎదురుగా నిలబడితే రెక్కల మెరుపు ఎంతో దూరం కనిపిస్తుంది. లోయ అంచు నుంచి తీగ తాడు మీద దిగి పట్టు కోసేటప్పుడు పైన తాడు పట్టేది బావమరిదేనని చెబుతారు. అక్క తాళి తెగనివ్వడు గదా అని. చెంచు ముసలమ్మ ఒకామె గడ్డలు తవ్వినప్పుడు తీగ ఉన్న తల భాగాన్ని మళ్లీ మట్టిలో పెట్టి కప్పడం కూడా ఈ బాట మీదే చూస్తాం. మన పర్యావరణ సదస్సుల్లో గంటలకొద్దీ చెప్పే ముక్కను ఆ ముసలమ్మ మాట లేకుండా రెండు చేతులతో చేసి ముందుకు నడుస్తుంది.

పెద్ద గురువుల గొప్పలు కొన్ని చెప్పుకుందాం. నా లెక్కలో మొదటి పేరు ఐతన్నది. కడప జిల్లా రెడ్డిపల్లి మనిషి, పిట్టలు పట్టే వేటగాడు. కలివికోడి అనే పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందని పుస్తకాలు తీర్మానించేశాయి. దాన్ని తొలిసారి లోకానికి చూపిన జెర్డన్ కూడా మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసినవాడే. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం తరఫున భరత్ భూషణ్ ఊరూరా తిరిగి, పిట్ట బొమ్మ చూపించి అడుగుతూ వచ్చాడు. 1986 జనవరిలో ఐతన్న రాత్రిపూట టార్చిలైటు వెలుతురులో ఆ పిట్టను చేత్తో పట్టి తెచ్చాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత! ఎనభై తొమ్మిదేళ్ల పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పరుగున వచ్చేసరికి పిట్ట బతికి లేదు. ఆయన బాధపడే ఉంటాడు, కానీ ఆ పిట్ట లంకమల కొండల పొదల్లో బతికే ఉందన్న సంగతి ఖాయమైంది. ఎన్నో పట్టాలున్న పండితులకు దొరకనిది ఐతన్నకు ఎందుకు దొరికింది? కలివి పొదల మధ్య ఆ పిట్ట రాత్రి ఎక్కడ తిరుగుతుందో, వెలుగు పడితే ఎలా నిలబడిపోతుందో ఆయన కాళ్లకూ చేతులకూ తెలుసు గనక. ఐతన్న పేరు మీద మన పాఠ్యపుస్తకంలో ఒక పాఠం ఉండొద్దూ?

ఆ తర్వాత కలివికోడిని వెతికిన పరిశోధకులు, జెగనాథన్ బృందం, పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లవారాక వాటి మీద పడిన అడుగులు చదివారు. పక్కన కెమెరాలూ పెట్టారు. 2002లో ఆ పద్ధతిని అచ్చులో పెట్టారు. చూశారా, చివరికి శాస్త్రం కూడా మట్టి మీద అడుగు దగ్గరికే వచ్చి కూర్చుంది.

బయటివాళ్లలో నేను జిమ్ కార్బెట్‌కు దండం పెడతాను, అడవి చదువు మీదే ఆయన ఒక పుస్తకం రాశాడు. వేట కథలు రాసిన కెన్నెత్ ఆండర్సన్ మన మామండూరు, చామల లోయల అడవుల్లో తిరిగినవాడు. కథ చెప్పడంలో ఘటికుడే గానీ, తన వెంట నడిచిన పూజారి బైర లేకుంటే అందులో సగం కథలు లేవని నా అభిప్రాయం. సామర్లకోటలో తోట వేసి కోరమాండల్ మొక్కల బొమ్మలు గీయించిన వృక్ష శాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ కూడా స్థానికుల నోటి నుంచి తెలుగు పేర్లు రాసుకున్నాడు. వాటిని చెప్పినవాళ్ల పేర్లు మాత్రం రాయలేదు. పుస్తకం వాళ్లది, పేరు వాళ్లది, అడవి చెప్పినవాడు అనామకుడు. రెండు వందల ఏళ్లుగా ఇదే తంతు.

మన దగ్గర ఈ నడకను ప్రేమించిన పట్నం వాళ్లూ ఉన్నారు, లేరనను. 1980 ప్రాంతాల్లో హైదరాబాద్‌లో పక్షి ప్రేమికుల సంఘం పెట్టి, ఆదివారం పొద్దున్నే బైనాక్యులర్లతో బయలుదేరిన వాళ్లు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పిల్లలను పిట్టల వెంట నడిపించిన ఉపాధ్యాయుడు రంగస్వామి. వాళ్లు లేకుంటే నాబోటి వాళ్లకు కలివికోడి పేరు కూడా తెలిసేది కాదు. అయినా పక్షపాతం దాచుకోను. పిట్ట పేరు రాసుకుని టిక్కు పెట్టుకునేవాడి కంటే, ఆ పిట్ట ఇప్పుడెందుకు నోరు మూసిందో చెప్పేవాడే నా దృష్టిలో పెద్ద.

ఇక నకిలీల సంగతి. ఈ మధ్య ‘నేచర్ ట్రెయిల్’ అని బోర్డు లేని రిసార్టు లేదు. ఒక చోట వెళ్లి చూశాను. బాటంతా సిమెంటు పలకలు. సిమెంటు మీద అడుగు పడుతుందా? చెట్లకు మేకులు కొట్టి రేకు పలకలు బిగించారు. తునికి చెట్టుకు నేరేడు పేరు రాశారు. మలుపు తిరిగితే ప్లాస్టరు పులి, దాని పక్కన సెల్ఫీ బల్ల. మచ్చల మచ్చల మిలిటరీ చొక్కా తొడిగిన గైడు కుర్రాడు ఫోన్‌లో పిట్ట కూత పెట్టి అసలు పిట్టను రప్పిస్తానన్నాడు. గూడు కట్టే కాలంలో అలా పదేపదే కూత వినిపిస్తే ఆ పిట్ట పిల్లలను వదిలేసి శత్రువు వచ్చాడని వెతుక్కుంటూ తిరుగుతుంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. అతన్ని అనను, పాపం, నేర్పినవాడు లేడు. నేర్పకుండా చొక్కా తొడిగినవాళ్లను అంటాను. ఇరవై మందిని ఒక్క గుంపుగా తోలి, భుజాన స్పీకరులో సినిమా పాట పెట్టి, నలభై నిమిషాల్లో తిప్పి తీసుకొచ్చి, ‘అడవి అనుభవం’ అని రసీదు చేతిలో పెడతారు. ఇది మోసం. వంద రూపాయలకు అయినా మోసమే, మూడు వేలకు అయినా మోసమే.

జీపు సఫారీ వాళ్లు కోపం తెచ్చుకున్నా సరే, అందులో నేర్చుకునేది పులి కనిపించిందా లేదా అన్న ఒక్క ముక్కే. డీజిలు వాసనలో బాస్మతి వాసన ఎవరికి తెలుస్తుంది?

అడుగుల లెక్కతో పులులను లెక్కపెట్టే పద్ధతిని 1960లలో ఒడిశా ఫారెస్టు అధికారి సరోజ్ రాజ్ చౌధురి మొదలుపెట్టాడు. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో పులులే లేవని బయటపడ్డాక ఆ పద్ధతిని పక్కన పెట్టి కెమెరాలు బిగించారు. లెక్కకు కెమెరాయే మేలు, ఒప్పుకుంటాను. కానీ అక్కడి నుంచి మన మేధావులు దూకిన దూకు చూడండి. అడుగు చదవడమే మూఢ నమ్మకమన్నట్టు మాట్లాడటం మొదలెట్టారు. సరిస్కాలో తప్పింది అడుగు కాదు, అడుగు చూడకుండా కాగితం మీద అంకె వేసినవాళ్ల నిజాయితీ. ఇవాళ నల్లమలలో ఆ కెమెరా ఏ చెట్టుకు, ఏ బాటకు, ఎంత ఎత్తులో కట్టాలో చూపించేది ఎవరనుకున్నారు? చెంచు ట్రాకర్లే. బేస్‌క్యాంపుల్లో రాత్రీ పగలూ అడవిని కాసేదీ వాళ్లే. పులి ఫోటో పేపర్లో వచ్చినప్పుడు కెమెరా కట్టించిన అధికారి పేరు వస్తుంది. చెట్టు చూపించినవాడు చాలా చోట్ల ఇంకా తాత్కాలిక కూలీయే.

అన్నిటికంటే నాకు గుబులు పుట్టించేది పిల్లలు. చెంచు పిల్లలు చదువుకోవాలి, ఇందులో రెండో మాట లేదు. కానీ ఏడాదిలో పది నెలలు హాస్టల్లో ఉండే పిల్లవాడికి తాత వెంట తెల్లవారుజామున బాట పట్టే రోజేది? సెలవుల్లో వచ్చేసరికి ఎండాకాలం, వాగు ఎండిపోయి, ఆకు రాలిపోయి, అడవి సగం మూసుకుని ఉంటుంది. వాడికి వృక్షశాస్త్రం పుస్తకంలో ఆపిల్ చెట్టు బొమ్మ చూపిస్తాం. పాస్ మార్కులు రాకపోతే వెనకబడ్డాడని రాస్తాం. వాడి తాతకు తెలిసిన చెట్ల పేర్లలో పదో వంతు ఆ పాఠం చెప్పే మనిషికి తెలియదు. దానికి తోడు పులుల కోసమని పెంటలను అడవి బయటికి తరలిస్తామంటున్నారు. వెళ్లాలా వద్దా అన్నది వాళ్లు తేల్చుకోవలసిన సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం ఆ మాటే చెబుతుంది, వాళ్ల ఒప్పుదల లేకుండా కదపడానికి లేదు. నేననేది ఒక్కటే. పెంట కదిలితే సామాన్లు లారీ ఎక్కుతాయి, బాట ఎక్కదు. ఏ మలుపులో ఏ చెట్టు, ఏ గుంటలో కణితి పొర్లుతుంది, ఏ బండ మీద పులి పొద్దున ఎండ కాగుతుంది అన్నది ఆ నేల మీద నడిస్తేనే ఒకరి నుంచి ఒకరికి అందుతుంది. ఒక తరం నడవకపోతే దాన్ని మళ్లీ రాబట్టడం ఎవరి వల్లా కాదు.

కొంత మంచీ జరుగుతోంది, చెప్పకపోతే పాపం. ఆత్మకూరు వైపు బైర్లూటిలోనూ, నంద్యాల దారిలో పచ్చర్లలోనూ ఫారెస్టు శాఖ పెట్టిన శిబిరాల్లో చెంచు యువకులే పనిచేస్తున్నారు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్‌రోడ్డు మీద తుమ్మలబయలు ఉంది. అటువైపు పోయినప్పుడు ఇలాంటి చెంచు కుర్రాడొకడు నన్ను ఆపాడు, “ఆగు సార్, కిందికి సూడు” అని. నాకేమీ కనబడలేదు. వాడు వేలు పెట్టి చూపించాక కూడా ఎండుటాకు మడతలో నక్కిన పక్కురాయి పిట్ట కనబడడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆ కన్ను వాడికి ఇంకా ఉంది. దానికి జీతం ఇవ్వండి, గౌరవం ఇవ్వండి, పర్మనెంటు చేయండి. డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్రం పిల్లలను ఏటా ఒక వారం ఆ కుర్రాడి వెనక నడిపించి, వాడికి అతిథి అధ్యాపకుడి భత్యం ఇవ్వండి. ఇది దానం కాదు, ఫీజు. పెద్దవాళ్లు ఉండగానే వాళ్లు చెప్పే చెట్ల పేర్లనూ కూతలనూ వాళ్ల గొంతుతోనే రికార్డు చేయించండి, ఈసారి చెప్పినవాళ్ల పేర్లు కూడా రాయండి.

చదివేవారికి నా విన్నపం ఇది. జూలై నుంచి సెప్టెంబరు దాకా పులుల అడవిలోకి రానివ్వరు. అక్టోబరు దాటాక, మంచు పడే రోజుల్లో వెళ్లండి. నలుగురి కంటే ఎక్కువ పోకండి. స్పీకరు, సెంటు, ఎర్ర చొక్కా ఇంట్లో పెట్టి వెళ్లండి. టిక్కెట్టు కౌంటరు దగ్గర చెంచు గైడే కావాలని గట్టిగా అడగండి. లేడంటే డబ్బు వెనక్కి తీసుకుని, ఎందుకు లేడో ఆ కౌంటరులోనే కాగితం మీద రాసి ఇచ్చి రండి.